ఫస్ట్ నైట్ (మీరనుకున్నది కాదు)

ఈ సినిమా పేరు తెలుగులో రాయడమే పెద్ద తలనొప్పి. ఇంగ్లీషులో అయితే ఒక అక్షరం అదనంగా ఉండి గొడవ లేకుండా పోతుంది. తెలుగులో రాస్తే మాత్రం పాలగ్లాసు, మల్లెపూలు గుర్తుకొస్తాయి. ఇక్కడ నైట్ అంటే రాత్రి కాదు మహాప్రభో, గుర్రమెక్కి కత్తి పట్టుకు తిరిగే వీరుడు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఒక సీనియర్ హార్డ్ డిస్కులో ఈ ఫైలు దొరికిందని తెలిసి, మా హాస్టల్ రూములో పదిమంది పైనే పోగయ్యారు. పావుగంట అయ్యేసరికి తెర మీద గుర్రాలు, కవచాలు, గడ్డాల ముసలాళ్ళు తప్ప ఇంకేం కనబడకపోవడంతో ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. చివరికి మిగిలింది ముగ్గురం. అందులో ఒకడు నిద్రపోతున్నాడు :-)

నేను మాత్రం చివరిదాకా చూశాను. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు చూశాను. గొప్ప సినిమా అని కాదు. నిజానికి చాలా చోట్ల బోరు కొడుతుంది. కానీ అందులో ఒక ప్రశ్న ఉంది. అది మా ఇంట్లోకి కూడా వచ్చింది. దాని గురించే ఈ టపా.

ముందు సినిమా సంగతి. 1995లో వచ్చింది, అంటే నాకంటే రెండేళ్ళు పెద్దది. దర్శకుడు జెర్రీ జుకర్. 'ఎయిర్‌ప్లేన్' లాంటి పగలబడి నవ్వించే సినిమా తీసిన ముగ్గురిలో ఒకడు, తర్వాత 1990లో 'ఘోస్ట్' తీసి జనాన్ని ఏడిపించినవాడు. ఆర్థర్ రాజుగా షాన్ కానరీ, లాన్స్‌లాట్‌గా రిచర్డ్ గేర్, గ్వెనివెర్‌గా జూలియా ఆర్మండ్, విలన్ మాలగంట్‌గా బెన్ క్రాస్. సంగీతం జెర్రీ గోల్డ్‌స్మిత్. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూసినవాళ్ళకి ఇంకో బోనస్, అందులో దావోస్ వేసిన లియమ్ కనింగ్‌హామ్ ఇందులో కుర్ర నైటుగా కనబడతాడు.

కథ మన జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్ళకి కొత్తేం కాదు. లాన్స్‌లాట్ ఊరూరా తిరుగుతూ పందేనికి కత్తియుద్ధం చేసి పొట్టపోసుకునే దేశదిమ్మరి. ఇల్లూ వాకిలీ లేవు, ఎవడి కిందా పనిచేయడు. చిన్నప్పుడు దోపిడీ మూక తన ఊరివాళ్ళనీ అమ్మానాన్ననీ చర్చిలో పెట్టి తగలబెడితే కళ్ళారా చూశాడు. అప్పట్నించీ పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి దేనికీ భయపడడు. గ్వెనివెర్ లియోనెస్ అనే చిన్న రాజ్యానికి యువరాణి. తండ్రి పోయాక రాజ్యభారం ఈమె మీదే పడింది. తెర మీద మొదటిసారి కనబడేటప్పటికే ఊరి జనంతో కలిసి బంతాట ఆడుతుంటుంది. పక్కనే మాలగంట్ ఊళ్ళు తగలబెడుతున్నాడు. ఒకప్పుడు ఆర్థర్ దగ్గర పనిచేసి ఎదురుతిరిగినవాడు వీడు. ఇటు చూస్తే కామెలాట్ రాజు ఆర్థర్ ఈమెని పెళ్ళాడతానని కబురు పంపాడు. ఈమె ఒప్పుకుంది. పెళ్ళికి వెళ్తుంటే అడవిలో మాలగంట్ మనుషులు దాడి చేస్తే, అటుగా పోతున్న లాన్స్‌లాట్ కాపాడతాడు. కాపాడి ఊరుకోడు, ముద్దు పెట్టుకుంటాడు. ఆమె కోప్పడితే, ఇహ మీదట నువ్వు అడిగితే తప్ప ముట్టుకోను అని మాటిస్తాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత మామూలే. ఆమె కామెలాట్ చేరుతుంది, వెనకే వీడూ చేరతాడు. ఊగే గొడ్డళ్ళు, తిరిగే కత్తుల మధ్య పరిగెత్తే పందెం ఒకటి ఉంటుంది, గెలిచినవాడికి గ్వెనివెర్ ముద్దు బహుమతి. వీడు గెలుస్తాడు. మాట ప్రకారం నువ్వు అడుగు అంటాడు, ఆమె అడగదు, వీడు పదిమందిలో మర్యాదగా వెనక్కి తగ్గుతాడు. మాలగంట్ ఆమెని ఎత్తుకుపోతే మళ్ళీ వీడే తెస్తాడు. ఆర్థర్ సంతోషపడి బల్ల దగ్గర కుర్చీ వేసి నైటుని చేస్తాడు. అక్కడినుంచి అసలు తిప్పలు మొదలు.

సినిమా వచ్చినప్పుడు విమర్శకులకి పెద్దగా నచ్చలేదు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. మెర్లిన్ లేడు. మోర్‌డ్రెడ్ లేడు. మంత్రం తంత్రం లేదు. రిచర్డ్ గేర్ అమెరికన్ యాసలో మాట్లాడుతుంటే మధ్యయుగంలో లాస్ ఏంజిలిస్ నుంచి ఎవరో డెప్యుటేషన్ మీద వచ్చినట్టుంటుంది. నీలం దుస్తుల్లో నైట్లందరూ వరసగా నడుస్తుంటే ఏదో కార్పొరేట్ స్కూలు వార్షికోత్సవం గుర్తొచ్చింది నాకు.

అయితే అసలు కథ ఇలా లేదు, పాడుచేశారు అనే వాదన మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే "అసలు కథ" అనేది ఒకటి లేదు. జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే ఆయన 1136 ప్రాంతంలో లాటిన్‌లో బ్రిటన్ రాజుల చరిత్ర (చరిత్ర అని ఆయన అన్నాడు, మనం అనక్కర్లేదు) రాశాడు. ఆర్థర్‌కి యూరప్ అంతటా పేరు తెచ్చింది ఆ పుస్తకమే. అందులో లాన్స్‌లాట్ అనేవాడే లేడు. గుండ్రబల్ల కూడా లేదు. బల్ల 1155లో వేస్ అనే కవి చేర్చాడు. లాన్స్‌లాట్ ప్రేమకథని క్రెటియన్ ద ట్రోయ్ అనే ఫ్రెంచి కవి ఇంకో పాతికేళ్ళకి చేర్చాడు. అంటే ఓపెన్ సోర్స్ అన్నమాట. ఎవడికి కావలసిన ఫీచరు వాడు కలుపుకుంటూ పోయాడు. హాలీవుడ్ వాళ్ళు రెండు ఫీచర్లు తీసేసి ఇంకోటి విడుదల చేశారు, అంతే.

క్రెటియన్ కథలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటి సినిమాలో లేదు. మెలెగాంట్ అనేవాడు (మన మాలగంట్ వీడే) రాణిని ఎత్తుకుపోతాడు. లాన్స్‌లాట్ వెతుక్కుంటూ బయల్దేరతాడు, గుర్రం చచ్చిపోతుంది. ఒక మరుగుజ్జు బండి తోలుకుంటూ ఎదురై, ఎక్కితే రాణి జాడ చెప్తానంటాడు. ఆ రోజుల్లో ఆ బండి నేరస్తుల్ని ఊరేగించే బండి. ఎక్కితే పరువు పోయినట్టే. లాన్స్‌లాట్ ఎక్కుతాడు. కాకపోతే రెండడుగులు ఆలోచించి ఎక్కుతాడు. ఆ తర్వాత కత్తి అంచులాంటి వంతెన మీద చేతులూ కాళ్ళూ కోసుకుపోతుంటే పాకి వెళ్ళి రాణిని చేరితే, ఆవిడ మొహం తిప్పేసుకుంటుంది. కారణమేంటని తర్వాత అడిగితే, ఆ రెండడుగులే! నా కోసం పరువు వదులుకోడానికి రెండడుగులు ఆలోచించావా అని. వంతెన సంగతి లెక్కలోకి రాలేదు. పద్దెనిమిది గంటలు కూర్చుని సర్వర్ నిలబెట్టినవాడిని, స్టేటస్ మెయిలు పది నిమిషాలు లేటయిందేం అని అడిగే మేనేజర్లు 12వ శతాబ్దంలోనే ఉన్నారన్నమాట.

తర్వాత 15వ శతాబ్దంలో థామస్ మాలరీ అనే ఆయన ఈ కథలన్నీ ఇంగ్లీషులో పోగేశాడు. 1485లో కాక్స్‌టన్ అచ్చువేశాడు. అందులో లాన్స్‌లాట్, గ్వెనివెర్ల ప్రేమ బయటపడటంతో బల్ల రెండు ముక్కలవుతుంది, అన్నదమ్ముల్లాంటివాళ్ళు నరుక్కుంటారు, రాజ్యం కూలుతుంది. ఆర్థర్ పోయాక ఆమె సన్యాసినుల మఠంలో చేరుతుంది, అతనూ సన్యాసి అవుతాడు. ఎవరికీ ఏమీ మిగలదు.

సినిమాకి ఇంత ధైర్యం లేదు. ఆ పాత ప్రేమని ఒక్క ముద్దుకి కుదించారు. ఆర్థర్‌ని మాలగంట్ మనుషుల బాణాలకి వదిలేశారు. పోతూ పోతూ ఆయన తన కత్తీ, రాజ్యమూ, రాణీ అన్నీ లాన్స్‌లాట్‌కి అప్పజెప్పి పోతాడు. మన ముక్కోణపు ప్రేమకథల్లో మూడోవాడికి సరిగ్గా ఇంటర్వెల్ తర్వాత దగ్గు మొదలవుతుంది చూడండి, అదే ఇది. సమస్య తీరలేదు, సమస్యలో ఒక మనిషి తగ్గాడు.

సరే, నేను చెప్పొచ్చిన సీనుకి వస్తాను.

గ్వెనివెర్ కామెలాట్‌లో దిగింది. లియోనెస్‌ని మాలగంట్ నుంచి కాపాడాలంటే ఆర్థర్ అండ కావాలి, ఆ అండ పెళ్ళితో వస్తోంది. ఆర్థర్‌కి ఈ లెక్క తెలుసు. అందుకని పెళ్ళికి ముందు ఆమెతో ఒక మాటంటాడు. నువ్వు నన్ను చేసుకున్నా చేసుకోకపోయినా నీ రాజ్యాన్ని నేను కాపాడతాను, ఆ రెండిటికీ ముడిపెట్టకు, నేనంటే ఇష్టమైతేనే నన్ను చేసుకో. అప్పటికి షాన్ కానరీకి 64 ఏళ్ళు, ఆవిడకి 30. వయసు తేడా దర్శకుడు దాచలేదు, ఆర్థర్ కూడా దాచుకోడు. ఆమె సంతోషంగా మీరంటే నాకు ఇష్టమే అంటుంది. అబద్ధం చెప్పట్లేదు. ఆయన మంచివాడు, జనం దేవుడిలా చూస్తారు, పైగా అడక్కుండానే స్వేచ్ఛ ఇచ్చాడు. ఇంకేం కావాలి?

2020 అక్టోబర్ 31న కానరీ చనిపోయాడు. నేనప్పుడు ఇంట్లోంచే పని చేస్తున్నాను. ఆ వారమే చెల్లిని కూచోబెట్టి ఈ సినిమా చూపించాను. అది ఫోనులో ఒక కన్ను, టీవీలో ఒక కన్ను వేసి చూసింది. ఈ సీను అయ్యాక మాత్రం తలెత్తి, "పాపం ఆర్థర్‌ని కాదనడానికి ఒక్క కారణం కూడా లేదన్నయ్యా, అదే ఆ అమ్మాయికొచ్చిన చిక్కు" అంది. నేను నవ్వి వదిలేశాను.

రెండేళ్ళ క్రితం దానికే సంబంధం వచ్చింది. మా నాన్నకి చిన్ననాటి స్నేహితుడు ఒకాయన ఉన్నారు. మేం మావయ్యా అని పిలుస్తాం. నాన్నకి బైపాస్ అయినప్పుడు రాత్రికి రాత్రి నాలుగు లక్షలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. కాయితం లేదు, వడ్డీ లేదు. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు. ఆయన లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా నాకిష్టం లేదు. అలాంటి మావయ్య తన కొడుక్కి మా చెల్లిని అడిగారు. అబ్బాయి బుద్ధిమంతుడు, మంచి ఉద్యోగం, ఒక్క చెడ్డ అలవాటు లేదు. చెల్లి కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఇంట్లో అందరికీ సంతోషమే. చెల్లిని అడిగితే అదీ సరే అంది.

ఆ రాత్రి ఫోన్ చేసి, "నీకు ఇష్టమేనా?" అని అడిగాను.

"కాదనడానికి కారణం ఏముందన్నయ్యా?" అంది.

నాకు గుండె ఝల్లుమంది. అదే వాక్యం. దానికి గుర్తులేదు, నాకు గుర్తుంది. కాదనడానికి కారణం లేకపోవడం, అవుననడానికి కారణమా? మా ఉద్యోగంలో అయితే ఎర్రర్ రాలేదు కాబట్టి ప్రోగ్రాం సరిగ్గా ఉన్నట్టే అని ఎవడైనా అంటే నవ్వుతాం. పెళ్ళి దగ్గర మాత్రం అదే మాట పెద్దరికంగా చెలామణీ అయిపోతుంది.

ఆ వారాంతం ఇంటికెళ్ళి నాన్నతో చెప్పాను. నేను ఇప్పటిదాకా తీర్చింది పోగా లక్షన్నర మిగిలుంది, అది ముందు ఇచ్చేద్దాం, ఇచ్చాక చెల్లిని మళ్ళీ అడుగుదాం అని. నాన్న మొహం ఎర్రబడిపోయింది. "అంటే నేను అప్పుకి పిల్లనిస్తున్నానంటావా?" అన్నారు. అమ్మ వంటింట్లోంచి బయటకి రాలేదు. నేను కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. "మీరు ఇవ్వట్లేదు నాన్నా, అది తీర్చుకుంటోందేమో అని నా భయం" అన్నాను. ఆ రోజంతా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న నాన్నే చెల్లిని పిలిచి పక్కన కూచోబెట్టుకున్నారు. ఆర్థర్ చెప్పినంత అందంగా చెప్పడం ఆయనకి రాదు. "డబ్బు నాకూ వాడికీ మధ్య సంగతి. నీకు దాంతో పన్లేదు. వద్దంటే వద్దని చెప్పేస్తా. నువ్వు తొందరపడక్కర్లేదు" అన్నారు, అంతే. చెల్లి పది రోజులు తీసుకుంది. వద్దంది. వేరే ఎవరూ లేరు, లాన్స్‌లాట్లెవరూ మా వీధిలో తిరగట్లేదు. ఊరికే, వద్దనిపించింది. వద్దనిపించడం చాలదా?

ఇప్పుడు సినిమా మీద నా అసలు ఫిర్యాదు చెప్తాను. ఆర్థర్ ఇచ్చిన ఆ మాట ఉంది చూశారూ, దాన్ని సినిమా ఎక్కడా పరీక్షకి పెట్టదు. గ్వెనివెర్ వెంటనే సరే అనేసింది కాబట్టి, వద్దంటే ఏం జరిగేదో మనకి తెలీదు. కాదన్నా కాపాడతాను అని చెప్పడం సులువు. కాదన్న తర్వాత కాపాడటమే కదా కష్టం. కథలో ఆమె మనసు వేరేచోట ఉందని తెలిసిన రోజున ఆర్థర్ ఏం చేశాడో చూడండి.

లియోనెస్ యుద్ధం అయ్యాక లాన్స్‌లాట్ ఇహ ఇక్కడ ఉండకూడదు, వెళ్ళిపోతానని సెలవు తీసుకోడానికొస్తాడు. ఇన్నాళ్ళూ అడగనిది ఆమె అప్పుడు అడుగుతుంది. ఒక్క ముద్దు. వాడు అడవిలో ఇచ్చిన మాట అలా తీరుతుంది. సరిగ్గా అప్పుడే ఆర్థర్ తలుపు తీస్తాడు. ఆ తర్వాత భార్యాభర్తల మధ్య జరిగే సంభాషణ ఈ సినిమా మొత్తానికీ గొప్ప ఘట్టం. ఆమె, నేను మిమ్మల్నే ప్రేమిస్తున్నాను అంటుంది. ఆయన, నీ బుద్ధి నన్ను ఎంచుకుంది, నీ మనసు అతన్ని ఎంచుకుంది, రెండూ ఒకటి కాదు అన్న అర్థంలో బదులిస్తాడు. కానరీ ఆ నాలుగు నిమిషాల్లో రాజులా కాదు, ఇంట్లో ఒంటరిగా కూచున్న ముసలాయనలా ఉంటాడు. నాకు ఎప్పుడు చూసినా గొంతు పట్టేస్తుంది.

అంత తెలిసినవాడు కూడా మర్నాడు ఇద్దర్నీ నడివీధిలో నిలబెట్టి రాజద్రోహం విచారణ పెడతాడు. కామెలాట్‌లో దాపరికాలు ఉండవు, చట్టం అందరికీ ఒకటే అని. తన గుండెకి తగిలిన దెబ్బకి న్యాయం అని పేరు పెట్టుకున్నాడు. ఊరంతా విచారణ చూడ్డానికొచ్చేస్తే మాలగంట్ తాపీగా కోటలోకి నడిచొచ్చేస్తాడు. కథని తొందరగా ముగించాల్సొచ్చి రచయిత వేసిన ఎత్తే కావచ్చు, కానీ నాకు మాత్రం సరిగ్గానే జరిగిందనిపిస్తుంది. స్వేచ్ఛ ఇచ్చానన్న మనిషి, దాన్ని అవతలివాళ్ళు వాడుకున్న రోజున పంచాయితీ పెడితే, కోట తలుపు తెరిచినట్టే.

గుండ్రబల్ల సంగతి కూడా ఇంతే. తల, తోక లేని బల్ల, అందరూ సమానం అంటారు. వినడానికి బాగుంటుంది. మా ఆఫీసుల్లోనూ అందరం అందర్నీ పేరు పెట్టి పిలుచుకుంటాం, వైస్ ప్రెసిడెంట్‌ని కూడా. అప్రైజల్ రోజున బల్లకి తల ఎటువైపుందో తెలుస్తుంది. సినిమాలో లాన్స్‌లాట్‌ని నైటుగా చేద్దామంటే గ్వెనివెర్, అతన్ని వెళ్ళనివ్వండి, స్వేచ్ఛగా తిరగనివ్వండి అని అడ్డుపడుతుంది. ఆమె బాధ వేరే అనుకోండి. కానీ ఆ సభలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే. ప్రేమతో వేసినా సంకెల సంకెలే కదా.

మావయ్య సంగతి చెప్పలేదు కదూ. నాన్న స్వయంగా వెళ్ళి చెప్పొచ్చారు. ఆయన కాసేపు మాట్లాడకుండా ఉండి, "పిల్లకి ఇష్టం లేనప్పుడు ఇంకేముందిరా" అన్నారట. మిగతా లక్షన్నర తీర్చేశాం. ఆయన ఎప్పుడూ అడగలేదు, ఎవరి దగ్గరా ఆ డబ్బు ఊసెత్తలేదు. కానీ బాధపడలేదని చెప్తే అది సినిమా అవుతుంది. ఇదివరకు వస్తే భోజనం చేసి, నాన్నతో అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పి, హాల్లోనే పడుకుని పొద్దున్న వెళ్ళేవారు. ఇప్పుడు కాఫీ తాగి, బస్సు టైమవుతోందని లేచిపోతారు. ఆయన వెళ్ళాక నాన్న గేటు దగ్గర కాసేపు అలాగే నిలబడతారు. అది చూసినప్పుడల్లా చెల్లి తలదించుకుని లోపలికెళ్ళిపోతుంది. దానికి ఎవరూ ఏమీ అనలేదు. అయినా స్వేచ్ఛకి ఎవరో ఒకరు ఖర్చు కడుతూనే ఉంటారు. మా ఇంట్లో అది ఇద్దరు స్నేహితులు కడుతున్నారు.

అయినా మావయ్య మా ఇంటికి రావడం మానలేదు. నా దృష్టిలో ఆ కాఫీ తాగడం, కామెలాట్ వీధిలో పెట్టిన విచారణ కంటే చాలా గొప్ప పని. కత్తి పట్టుకుని వంతెన దాటేవాళ్ళ మీద తొమ్మిది వందల ఏళ్ళుగా కావ్యాలు రాస్తున్నారు. కాదనిపించుకుని కూడా మాట మీద నిలబడి, గుమ్మం తొక్కి, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళ మీద ఎవరూ రాయలేదు. వాళ్ళనేమంటారో నాకు తెలీదు గానీ, నైటు అనే మాటకి వాళ్ళే దగ్గరగా ఉన్నారనిపిస్తుంది.

సినిమా చూడనివాళ్ళు ఒకసారి చూడండి. రెండుంబావు గంటలు పడుతుంది. పందెం సీను పిల్లలకి నచ్చుతుంది, గోల్డ్‌స్మిత్ సంగీతం పెద్దవాళ్ళకి నచ్చుతుంది, రిచర్డ్ గేర్ ఎవరికి నచ్చుతాడో నాకు తెలీదు :-) మీ ఇంట్లో ఎవరికైనా సంబంధాలు చూస్తుంటే మాత్రం ఆర్థర్ అడిగిన చోట ఒక్క నిమిషం ఆపి, ఆ అమ్మాయి అవునంది కాబట్టి సరిపోయింది, కాదనుంటే ఈ ఇల్లు ఎలా ఉండేది అని ఆలోచించండి. జవాబు సినిమాలో దొరకదు.